కంప్యూటర్లకు ఇసిరిక్ పొగ

మస్తూరా పెద్దమ్మ తెల్లవారుజాము నమాజు ముగించుకుని, ఇనుప మూకుట్లో నిప్పులు వేసి, వాటి మీద దిష్టి తీసే ఇసిరిక్ మొక్క ఎండు రెమ్మలు తుంచి వేసేది. ఘాటైన పొగ లేచేది. ఆ మూకుడు పట్టుకుని వీధి గదిలో వరుసగా ఉన్న కంప్యూటర్ల దగ్గరికి వెళ్ళి, ఒక్కొక్కదాని ముందూ వెనకా తిప్పుతూ, "ఇంటివాళ్ళ కళ్ళు, పొరుగువాళ్ళ కళ్ళు, దారినపోయేవాళ్ళ కళ్ళు, అన్నీ ఈ నిప్పుల్లో మాడిపోవాలి" అనేది. గాలి పీల్చే చిల్లుల దగ్గర ఇంకాస్త సేపు ఆగేది. "పాపం, ఊపిరి తీసుకునేది ఇక్కడి నుంచే కదా. లోపలిదాకా వెళ్ళాలి."

మర్గిలాన్ ఊళ్ళోని పట్టు మిల్లులో మరుగుతున్న తొట్ల ముందు నిలబడి దారం తీస్తూ ఆమె వయసంతా గడిచింది. పింఛను వచ్చాక ఊరికే కూర్చోవడం చేతకాక, వీధి గదిని ఆటల క్లబ్బు చేసింది. ఆటలేమిటో ఆమెకు తెలియదు. ఆడేవాళ్ళు బాగా తెలుసు. మంగలి కాబిల్, రొట్టెల బట్టీవాళ్ళు, టాక్సీ తోలేవాళ్ళు, అందరూ పెళ్ళయినవాళ్ళే. తుపాకులు పేలుతున్నా లెక్కచేయక మధ్యలోకి టీ పట్టుకుని వచ్చేది. "చంపడం తర్వాత చంపుకోవచ్చురా, ముందు తాగండి, చల్లారిపోతుంది" అనేది. కాబిల్ భార్యకు నెలలు నిండాక అతన్ని చీకటి పడకముందే ఇంటికి తరిమేది.

ఆ వేసవిలో కంప్యూటర్లకు ఏదో తెగులు పట్టింది. ఆట మొదట్లో బాగానే నడిచి, కాసేపటికి నత్తలా పాకేది.

"పెద్దమ్మా, నేను తలుపు దగ్గరికి చేరేసరికి నా శవం ముందే అక్కడ పడి ఉంటోంది!" అని మొత్తుకున్నాడు కాబిల్.

నెలాఖరు ఆదివారం బజారు వీధి క్లబ్బుతో పోటీ. ఆ క్లబ్బు నడిపే సాత్వల్ది అనే అతను పోటీ రోజు ఖాయం చేసుకోవడానికి వచ్చి, గదంతా కలయజూసి, "ఎంత ముద్దుగా పెట్టుకున్నావక్కా!" అన్నాడు. పొగిడినప్పుడు దిష్టి తగలకుండా అనాల్సిన మాషా అల్లా అనడం మరిచాడు. సరిగ్గా మరునాడే ఈ తెగులు.

ఇంకేముంది! బట్టీ దగ్గరా, పెళ్ళి పందిట్లోనూ పెద్దమ్మ ఒకటే మాట. "వాడి చూపు మంచిది కాదమ్మా." సాత్వల్ది వస్తుంటే ఆడవాళ్ళు చంటిపిల్లల ముఖాల మీద కొంగు కప్పడం మొదలుపెట్టారు. ఇక్కడ పెద్దమ్మ సాయంత్రం కూడా పొగ వేయసాగింది. కంప్యూటర్లు ఇంకా వేడెక్కాయి. ఆమె ఇంకో గుప్పెడు ఇసిరిక్ వేసింది. ఆటగాళ్ళు దగ్గుతూనే ఆడారు. ఆమె మనసు నొప్పించడం ఇష్టంలేక, ఒక్కరూ నోరు విప్పలేదు.

చివరికి కాబిల్ మరమ్మతులు చేసే ఎర్గాష్‌ను పిలుచుకొచ్చాడు. అతను ఒక కంప్యూటర్ పెట్టె విప్పాడు. ఫ్యాను రెక్కల నిండా, దాని కిందున్న రేకుల సందుల నిండా గోధుమరంగు జిగురు, దాని మీద కంబళిలా దుమ్ము. వేలితో తీసి వాసన చూశాడు. కాబిల్‌కూ చూపించాడు.

"నువ్వు చెప్పు."

"నేనా? నా పెళ్ళికి బొంతలు కుట్టిన మనిషి! నువ్వే చెప్పు."

"ఆవిడ పెట్టిన సమోసా ఇంకా నోట్లోనే ఉంది, ఎలా చెప్పనయ్యా?"

"ఏమిట్రా గుసగుసలు?" పెద్దమ్మ వచ్చేసింది.

"దుమ్ము పెద్దమ్మా, అంతే."

"దుమ్మును వాసన చూస్తారా ఎక్కడైనా?" అని తానే వేలుపెట్టి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. అలాగే కుర్చీలో కూర్చుండిపోయింది.

"వేడికి ఇదేనా కారణం?"

"ప్రాసెసర్ వేడెక్కితే మాడిపోకుండా తనే నెమ్మదిస్తుంది పెద్దమ్మా. ఈ సందుల్లో గాలి ఆడితే చల్లబడేది."

"అంటే నేనే ముక్కు మూశాను."

"ప్రేమతోనే కదా" అన్నాడు కాబిల్.

"దేనితో మూస్తే ఏమిటిరా, ఊపిరి ఆడదు కదా!"

ఎర్గాష్ బ్రష్షుతో, స్పిరిటుతో రేకులన్నీ తుడిచాడు. ప్రాసెసర్ మీద సుద్దలా ఎండిన పాత పేస్టు గీకేసి, బియ్యపుగింజంత కొత్త పేస్టు పెట్టాడు. "అంతేనా? పిసినారితనం చేయకు నాయనా" అంది పెద్దమ్మ అలవాటుకొద్దీ. అన్ని పెట్టెలూ అయ్యాయి. ఆట నీళ్ళలో చేపలా సాగింది. కాబిల్ ఆటలో గుమ్మం దాటి, అవతలి గుమ్మం కూడా దాటి, ఈలవేశాడు.

పెద్దమ్మ మాత్రం వేడి రొట్టెలు గుడ్డలో చుట్టుకుని బజారు వీధికి నడిచింది. సాత్వల్ది గుండె మీద చేయి వేసుకుని లేచి నిలబడ్డాడు. కళ్ళు మాత్రం నేల మీదే. ఈ మధ్య ఎవరి వైపూ, దేని వైపూ చూడటం మానేశాడు. ఆమె రొట్టెల మూట అతని చేతిలో పెట్టింది.

"తల ఎత్తు తమ్ముడూ. తప్పు నీ చూపుది కాదు, నా పొగది. అల్లా నన్ను క్షమించాలి, ఆయన కన్నా ముందు నువ్వు."

"పోనీలే అక్కా. నా కళ్ళకు అంత బలముంటే మా అత్తగారిని ఇన్నాళ్ళూ చూడకుండా ఊరుకునేవాణ్ణా?"

ఆమె నవ్వలేదు. "ఇంటింటికీ తిరిగి చెబుతాను. కానీ విన్నదానికన్నా చూసినదాన్నే పేట నమ్ముతుంది. నాకొక సాయం చేసిపెట్టు. ఆదివారం అందరికన్నా ముందు రా. వీధి వీధంతా చూస్తుండగా నా కంప్యూటర్లను ఒక్కొక్కదాన్నీ కళ్ళారా, తనివితీరా చూడు. నోరారా పొగుడు. ఆ తర్వాతే ఆట మొదలుపెడదాం."