గాలానికి గోధుమపిండి

నా చిన్నప్పుడు మా ఇంట్లో చేప అన్న మాట కూడా పైకి అనేవాళ్లం కాదు. ఆత్మకూరులో మాకు చిల్లర కొట్టు ఉండేది. బజారులో చేపల గంప ఎదురైతే మా అవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పక్క సందులోకి తిరిగేది. ఇంటికొచ్చాక కాళ్లు కడుక్కునేది కూడా. అలాంటి అవ్వ, మా నాయనను కన్నతల్లి, ఒకరోజు తన చేత్తో గాలానికి పిండి కలిపింది. ఈ మాట చెబితే మా వాళ్లు ఇప్పటికీ నమ్మరు. నమ్మకపోతే పోనీ, చూసింది నేను.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. అమ్మకు కామెర్లు ముదిరాయి. నెల్లూరు తీసుకుపోయారు, వారం తిరక్కుండానే వెనక్కి తీసుకొచ్చారు. తెచ్చాక మధ్యగదిలో మంచం వేశారు. పెద్దవాళ్లు నన్ను చూడగానే మాట మార్చేవాళ్లు. జాతకాలు చూసే ఒకాయన వచ్చి, మండలం రోజులు చేపలకు గోధుమపిండి ఉండలు వేస్తే గండం గడుస్తుందని చెప్పి, కాఫీ తాగి వెళ్లాడు. అవ్వ ఆ పని నాకు అప్పగించింది.

రోజూ పొద్దున్నే అవ్వ పిండి కలిపి గిన్నెలో పెట్టి ఇచ్చేది. నేను చెరువు కట్ట దిగి, తూము పక్కనున్న బల్లపరుపు రాయి మీద కూర్చుని ఉండలు వేసేదాన్ని. మొదట నాలుగు చిన్న చేపలు వచ్చాయి. రెండు వారాలకు నా నీడ నీళ్ల మీద పడితే చాలు, పెద్ద బొచ్చె చేపలు కూడా గుంపుగా వచ్చేవి. ఒక్కో చేప ఒక్కో ఉండ మింగితే అమ్మ జబ్బు అంత తగ్గుతుందని నాకు నేనే లెక్క కట్టుకున్నాను. సాయంత్రాలు కూడా పోవడం మొదలుపెట్టాను.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. అమ్మ కళ్లు పసుపుపచ్చగా అయిపోయాయి. ఆ కళ్లను చూడాలంటే నాకు భయం. ఆమె మంచం మీద నుంచి పిలిస్తే, చెరువు కాడికి పోవాల అని గుమ్మం దగ్గర నుంచే చెప్పి పరుగెత్తేదాన్ని. నీకోసమే కదమ్మా పోతున్నాను అని మనసులో అనుకునేదాన్ని. ఎంత మంచి సాకు దొరికిందో నాకు.

ఇరవయ్యారో రోజు సాయంత్రం నా రాయి మీద ఒక మనిషి గాలం వేసుకుని కూర్చుని ఉన్నాడు. మా కొట్లో మూటలు దించే మనిషే. వానలు లేక మర్రిపాడు వైపు నుంచి పెళ్లాంతో సహా వచ్చి, ఆ ఏడు మా ఊళ్లో ఉన్నాడు. గాలానికి రాగి సంగటి ముద్ద గుచ్చి వేస్తున్నాడు. అది నీళ్లలో పడీ పడగానే విడిపోతోంది. చేపలు ఆ మెతుకులు తినేసి తోక ఆడించి పోతున్నాయి.

నన్ను చూసి నవ్వాడు. "ఇక్కడ చేపలు బాగా మరిగి ఉండాయి పాపా. మనిషి నీడ చూస్తే వచ్చేస్తండాయి" అన్నాడు.

వాటిని అలా మరిగేట్టు చేసింది నేను. నాకు ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు అరిచి, చేతికందిన రాళ్లన్నీ నీళ్లలోకి విసిరాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. దారం చుట్టుకుంటూ, "ఇంటిది బాలింత. బిడ్డకు పాలు పడలేదు. చేప పులుసు పెడితే పడతాయన్నారు పాపా" అన్నాడు. విన్నాను గానీ చెవికెక్కించుకోలేదు.

ఇంటికి పోయి, ఆయన బిడ్డ సంగతితో సహా అవ్వకు అంతా చెప్పాను. నాయనతో చెప్పి ఆయన్ను కొట్లోంచి పంపించెయ్యాలని ఏడ్చాను. అవ్వ చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే, "గాలానికి ఏం పెట్టినాడు?" అని అడిగింది. సంగటి అన్నాను. "సంగటి నీళ్లల్లో నిలవదే" అని చేట పక్కన పెట్టి లేచింది.

రోజూ నాకు కలిపే డబ్బాలోంచే గోధుమపిండి తీసింది. చిటికెడు బెల్లం వేసి, నీళ్లు చిలకరించి, బాగా గట్టిగా పిసికింది. తడిగుడ్డలో చుట్టింది. అంత గట్టిగా ఎందుకని అడుగుతూనే ఉన్నాను. ఎన్నడూ చెరువు వైపు రాని మనిషి నా చెయ్యి పట్టుకుని బయల్దేరింది.

ఆయన మళ్లీ గాలం వేసుకుని అక్కడే ఉన్నాడు. కొట్టు యజమాని తల్లి వస్తోందని కంగారుగా లేచి గాలం వీపు వెనక్కి దాచుకున్నాడు. అవ్వ గుడ్డ విప్పి పిండి చూపించింది. "ఇది పెట్టి చూడు అబ్బయ్యా. సాగతది గానీ ఊడదు."

మూటలు మోసి మోసి ఆయన వేళ్లు పగిలి బండబారి ఉన్నాయి. శనగగింజంత పిండి ఆ వేళ్లకు ఒదగలేదు. ఎలా అదిమినా ఇనుప మొన బయటకు కనిపిస్తోంది. అవ్వ నా వైపు తిరిగి, "నువ్వు పెట్టు" అంది.

నేను పెట్టాను. ఏడుస్తూనే, మొన కనపడకుండా చుట్టూ అదిమి నున్నగా చేశాను. చేపలు నా నీడ చూసి ఎప్పటిలాగే వచ్చాయి. మూడోసారి వేసినప్పుడు ఒక పెద్ద బొచ్చె పడింది. ఆయన దాన్ని తువాలులో చుట్టుకుని అవ్వకు దణ్ణం పెట్టాడు. మిగిలిన పిండి కూడా అవ్వ ఆయన చేతిలో పెట్టింది. ఆయన కట్ట ఎక్కి ఇంచుమించు పరుగున పోయాడు.

"మరి అమ్మకు?" అని అడిగాను.

అవ్వ ఆ రాయి మీద కూలబడింది. "మీ అమ్మ మిగలదు పాపా. నెల్లూరులోనే చెప్పేసినారు. నీకు చెప్పే ధైర్యం లేక ఈ పిండి నీ చేతికిచ్చినాను. తప్పు నాదే. ఆ బిడ్డన్నా మిగలనీ."

అవ్వ మీద కోపం చాలా ఏళ్లు ఉంది, దాచుకోను. కానీ మర్నాడు చెరువుకు పోలేదు, బడికీ పోలేదు. మధ్యగదిలోకి వెళ్లి మంచం పట్టె మీద కూర్చున్నాను. అమ్మ నన్ను చూసి కాస్త జరిగి చోటిచ్చింది. ఇంత చిక్కిపోయావేందే అని నా చెయ్యి తడిమింది, తను అంత చిక్కి ఉండి. పదకొండు రోజులు అలా ఆమె పక్కనే ఉన్నాను. పన్నెండో రోజు పోయింది.

ఆ ఎండాకాలంలోనే ఆ మూటల మనిషి పెళ్లాన్నీ బిడ్డనూ తీసుకుని ఎటో వెళ్లిపోయాడు. బిడ్డ బతికిందా అని నా మనవరాళ్లు అడుగుతారు. బతికిందని చెబితే వాళ్లకు బాగుంటుంది. నాకు తెలియదు. తెలియదనే చెబుతాను.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. మా వాళ్లలో ఎవరికైనా ఇక లాభం లేదని డాక్టర్లు చెప్పేస్తే, ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి. ఫలానా మొక్కు మొక్కమంటారు, ఫలానా పసరు తాగించమంటారు. నేను కాదనను, వాదించను. బస్సెక్కి ఆ జబ్బుమనిషి ఉన్న చోటికి పోతాను. మా అమ్మకు ఉన్న రోజుల్లో ఇరవయ్యారు నేను చేపలకు పెట్టాను. పదకొండు రోజులే అమ్మకు దక్కాయి, అవి కూడా అవ్వ నిజం చెప్పబట్టి. పోయేవాళ్ల గది గడప తొక్కాలంటే నాకు ఇప్పటికీ భయమే. ఆ భయంతోనే లోపలికి పోయి మంచం పక్కన కూర్చుంటాను.