మడతలో దాచిన గుడ్డ

నా చిన్నప్పుడు మా ఇంట్లో కొత్త బట్టలంటే క్రిస్మస్‌కే, అదీ ఏడాది విడిచి ఏడాది. మా నాన్న చెరకు రైతు, మేము నలుగురు పిల్లలం. ఇప్పటి పిల్లలకి ఈ మాట చెబితే అయ్యో అంటారు. వాళ్ళ జాలి నాకు అక్కర్లేదు. అప్పుడు మాకు ఉండి ఇప్పుడు వీళ్ళకి లేకుండా పోయినది ఒకటుంది. అది చెప్పుకుంటే నా కడుపుమంట చల్లారుతుందని కాదు, చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

చోడవరంలో మా పక్కిల్లు ఒక దర్జీది. వీధిలో అందరూ ఆయన్ని మిషను తాత అనేవారు. మా అరుగూ ఆయన అరుగూ కలిసే ఉండేవి, మధ్యలో అడ్డుగోడ లేదు. పొద్దున్న లేచేసరికి ఆ మిషను చప్పుడు వినబడేది. వినబడకపోతే తాతకి ఒంట్లో బాగోలేదేమోనని మా అమ్మ వెళ్ళి చూసొచ్చేది.

పిల్లల బట్టలు కుట్టడంలో ఆయనకో పద్ధతి ఉండేది. ఒంటికి సరిపడా కొలత తీసుకున్నాక, గౌను అడుగున నాలుగు వేళ్ళ వెడల్పున రెండు మడతలు లోపలికి వేసి కుట్టేవాడు. చంకల కింద కుట్టు లోపల కూడా రెండు వేళ్ళ గుడ్డ వదిలేవాడు. మరుసటి ఏడు పిల్ల పొడుగయ్యాక తల్లి ఆ గౌను పట్టుకుని వస్తే ఒక మడత విప్పేవాడు, ఆ పై ఏడు ఇంకో మడత. మా వీధిలో ఏ పిల్ల ఎంత ఎదిగిందో తల్లుల కంటే ఆయనకే బాగా తెలుసు. ఎండాకాలంలో మేము ఆడుకుంటుంటే మిషను ఆపి, మాలో ఒక పిల్లని కళ్ళద్దాల మీదుగా చూసి, "ఈ గుంట ఈ ఏడు బాగా సాగింది" అనేవాడు.

నాకు పదేళ్ళప్పుడు చిలకపచ్చ గౌను కుట్టాడు. అది నాకెంత నచ్చిందంటే ఇంటికి తెచ్చిన రోజు మడత పెట్టనివ్వలేదు. ఆ సంబరం క్రిస్మస్ పొద్దుటి దాకానే. ఆ రోజు మా చర్చి పాస్టరు అయ్యగారింటికి విశాఖపట్నం నుంచి చుట్టాలొచ్చారు. వాళ్ళలో నా ఈడు పిల్ల ఒకతె రెడీమేడ్ గౌను వేసుకొచ్చింది. ఆ పిల్ల గిర్రున తిరిగితే గౌను గొడుగులా విచ్చుకునేది. నేనూ తిరిగాను. లోపలి మడతల బరువుకి నా గౌను తడిసిన గోనెపట్టాలా కాళ్ళకి కొట్టుకుంది. పిల్లలందరూ నవ్వారు. అలా నవ్వినవాళ్ళందరి గౌన్లలోనూ అవే మడతలున్నాయి, అయినా నవ్వారు. మనవాళ్ళ బుద్ధి అప్పటికే అంత.

రెండు రోజులు ఏడుపు మింగుకుని తిరిగాను. తాత దారాల కోసం అనకాపల్లి వెళ్ళిన రోజు చూసుకుని, ఆయన అరుగు మీద కూర్చుని, ఆయన కత్తెరతోనే ఆ పని చేశాను. కుట్లు విప్పి, లోపలున్న గుడ్డంతా చుట్టూ కత్తిరించేసి, సన్నగా ఒక్క అంచు మడిచి, సూదితో వంకరటింకరగా కుట్టుకున్నాను. కత్తిరించిన పొడుగాటి పట్టీని మిషను కింద పోగుపడ్డ ముక్కల్లో కుక్కేశాను. తరవాత వీధిలో నిలబడి గిర్రున తిరిగాను. గౌను విచ్చుకుంది. ఆ సంతోషం అబద్ధమని ఇప్పటికీ అనను.

మరుసటి ఏడు తుఫాను కొట్టి చెరకంతా పడిపోయింది. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి వెళ్ళే బండ్ల వరసలో ఆ ఏడు మా బండి లేదు. అసలే అది మాకు కొత్త బట్టల ఏడు కాదు, ఆ మాటే ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అదే ఏడు క్రిస్మస్ ఆరాధనలో అందరి ముందూ నిలబడి బైబిలు వాక్యం అప్పజెప్పడానికి అయ్యగారు నన్ను పిలిచారు. మా ఇంట్లో అంతవరకూ ఎవరికీ రాని పిలుపది. మా నాన్న పంట పోయిన దిగులు కూడా మర్చిపోయి, రోజూ సాయంకాలం నా చేత ఆ వాక్యం చెప్పించుకుని వినేవాడు.

పండగ నాలుగు రోజులుందనగా అమ్మ ట్రంకుపెట్టెలోంచి చిలకపచ్చ గౌను తీసి నాకు తొడిగింది. మోకాళ్ళ పైకి బెత్తెడు పోయింది. అమ్మ కంగారు పడలేదు. "తాతకిచ్చి మడత ఇప్పించుకో, రెండున్నాయి కదా" అంది. లోపల ఏమీ లేదని తెలిస్తే దెబ్బలు సరే, అవి నాకు కొత్త కాదు. ఆ పొట్టి గౌనుతో నన్ను సంఘం ముందు నిలబెట్టడానికి అమ్మ ఒప్పుకోదు. నా వాక్యం ఇంకో పిల్లకి పోతుంది. మా నాన్న ముఖం మళ్ళీ ఎలా అయిపోతుందో తలుచుకుంటేనే భయమేసింది.

గౌను చంకలో పెట్టుకుని వెళ్ళి తాత ముందు నిలబడ్డాను. ఆయన దాన్ని తిరగేసి చూశాడు. నా వంకర కుట్ల మీద బొటనవేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిపాడు. రేపు రమ్మన్నాడు.

మర్నాడు అమ్మ కూడా నాతో వచ్చింది. గౌను ఎప్పటంత పొడుగైంది. ఏడాది ఉతుకులకి వెలిసిపోయిన చిలకపచ్చ కింద, ఎండ మొహం చూడని ముదురు పచ్చ పట్టీ ఒకటి చుట్టూ కుట్టి ఉంది. రెండూ కలిసే చోట తెల్లటి లేసు వేశాడు. నేను కత్తిరించిన గుడ్డే అది. గుర్తుపట్టగానే అమ్మ వెనక్కి తప్పుకున్నాను.

అమ్మ దాన్ని చేత్తో తడిమి, "ఇదేటి మావా, కిందంతా రంగు వేరేలా ఉంది?" అని అడిగింది.

"ఇప్పుడిదే ఫేసనమ్మా. పట్నంలో అందరూ ఇలాగే ఏయించుకుంటన్నారు" అన్నాడు తాత, కళ్ళు ఆర్పకుండా.

అమ్మ నమ్మింది. ఆవిడ మా ఇంట్లోకి వెళ్ళాక తాత మిషను పక్కనున్న రేకు డబ్బా మూత తీసి చూపించాడు. అందులో ఎన్నెన్నో ముక్కలు, దేనికదే చుట్టి దారంతో కట్టి ఉన్నాయి. నా పట్టీ ఏడాదిపాటు వాటి మధ్యలోనే ఉంది. అనకాపల్లి నుంచి వచ్చిన నాడే ఆయన దాన్ని చూశాడు, చూసి దాచాడు. ఈ ఏడు నేను వస్తానని ఎదురు చూస్తూ కూర్చున్నాడు.

"ఒసే గుంటా, ఆ మడతలో గుడ్డ నీది కాదే. వచ్చే ఏడు నువ్వయ్యి వచ్చే గుంటది. ఆ గుంటని నువ్వూ సూడలేదు, నేనూ సూడలేదు. కానీ వస్తాదని నాకు తెలుసు కదేటి? ఆ గుంట వచ్చి నిలబడితే నేనేటి ఇవ్వాలి సెప్పు?"

ఆ రోజు ఏడ్చినంత ఏడుపు నేను మళ్ళీ మా నాన్న పోయినప్పుడే ఏడ్చాను. క్రిస్మస్‌కి వాక్యం తప్పు లేకుండా చెప్పాను. మరుసటి ఏడు మా సంఘంలో ముగ్గురు పిల్లలు రెండు రంగుల గౌన్లు కుట్టించుకున్నారు.

కథ ఇక్కడితో అయిపోయి ఉంటే నేను సంతోషంగానే పోయేదాన్ని. నాకు పెళ్ళై, అదే ఇంట్లో కాపురం పెట్టి, కూతురు పుట్టి, అది పెద్దదయ్యే లోపల మెయిన్ రోడ్డు మీద అద్దాల షాపులొచ్చాయి. తాత అరుగు మీదకి కొత్త గుడ్డ రావడం మానేసింది. రెడీమేడ్లు కాస్త లూజు చేసిపెట్టమని తెచ్చేవారంతే. అప్పటికి ఆయనకి చూపు సరిగా ఆనేది కాదు. ఒకసారి నేను నా కూతురి గౌను పట్టుకెళ్తే, తిరగేసి కుట్టు వెంట వేలు నడిపాడు.

"లోపల ఏటీ లేదమ్మా. అంచు దాకా కోసేసేరు. ఈ పిల్ల మళ్ళీ వస్తాదని ఆ కుట్టినోడు అనుకోలేదు" అన్నాడు.

తప్పు పట్టినట్టు కూడా లేదు ఆ గొంతు. నాకు మాత్రం చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఆ గౌను కొన్నది నేనే కదా. మరో రెండేళ్ళకి ఆయన పోయాడు. ఆయన మిషను నేను తెచ్చుకుని, దాని మీదే నా కూతురికి కుట్టు నేర్పాను. మడతలు వెయ్యడం కూడా నేర్పాను.

ఆ కూతురే పెద్దయ్యాక బట్టల కంపెనీలో చేరింది. ఎక్కడో దూరాన ఉండేది ఆ కంపెనీ. రావికమతం, రోలుగుంట వైపు పల్లెల నుంచి కూడా ఆడవాళ్ళు షేర్ ఆటోల్లో వచ్చి చోడవరంలో కంపెనీ బస్సెక్కేవారు. అక్కడ గౌనంతా ఎవరూ కుట్టరు. ఒకతె చెయ్యి, ఒకతె మెడ, నా కూతురు కుడి పక్క కుట్టు. రోజంతా కుడి పక్కే. పూర్తయిన గౌను ఎలా ఉంటుందో దానికి తెలియదు. ఆ గౌన్లన్నీ ఓడలెక్కి ఏవేవో దేశాలకి పోతాయి. మా షాపుల్లో దొరికేవి ఇంకెవరో దేశంకాని దేశంలో కుట్టినవి. మా పిల్లలు కుట్టినవి ఎవరో తొడుక్కుంటారు, మా పిల్లలు తొడుక్కునేవి ఎవరో కుడతారు. ఎవరికీ ఎవరి ఒళ్ళూ తెలియదు. ప్రపంచమంతా ఒక కుగ్రామమైపోయిందని టీవీలో ఒకాయన గర్వంగా చెబుతుంటే నాకు ఒళ్ళు మండింది. కుగ్రామంలో బతికినదాన్ని నేను. అక్కడ నా పొడుగు తెలిసిన మనిషి ఉండేవాడు.

చేరిన మొదటి వారంలోనే నా కూతురు అలవాటుకొద్దీ కుట్టు లోపల కాస్త గుడ్డ ఎక్కువ వదిలింది. ఆ గౌన్లు కట్టకి కట్ట వెనక్కొచ్చాయి. సూపర్‌వైజరు దాన్ని లైను ముందు నిలబెట్టి, ఆ గౌను పైకెత్తి అందరికీ చూపించి, ఇంకోసారి ఇలా చేస్తే పని ఉండదన్నాడట. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో కూలబడింది.

"ఎవలో సిన్న గుంట తొడుక్కుంటాది కదమ్మా, పెరుగుతాది కదా అనుకున్నాను" అంది.

దాని మొగుడికి ఏడాదిగా పని లేదు. ఇంట్లో చంటిపిల్ల ఉంది. నేను దాని తల నిమిరి, "కోసిపారెయ్ అమ్మా. ఆ గుంట నీ దగ్గరికి రాదు" అన్నాను. తాత అరుగు పక్కనే కూర్చుని అన్నాను. నా జన్మలో అంత నీచమైన మాట ఇంకొకటి అనలేదు.

అది బుద్ధిగా నేర్చుకుంది. నాలుగేళ్ళు కోసింది. ఒకరోజు పొద్దున్న బస్సు రాలేదు. టిఫిను డబ్బాలు పట్టుకుని ఆడవాళ్ళందరూ ఎండెక్కే దాకా రోడ్డు మీదే నిలబడ్డారు. ఆర్డర్లు ఇంకో దేశానికి వెళ్ళిపోయాయని తరవాతెప్పుడో తెలిసింది. రేపు వీళ్ళు వచ్చి నిలబడితే ఏమివ్వాలి అని ఆ ఓడల వాళ్ళలో ఒక్కరూ ఆలోచించలేదు.

తాత దగ్గర నేర్చుకున్నది నన్నింకా వదల్లేదు. షాపుకి వెళ్తే పిల్లల గౌను ఏది చేతికందినా తిరగేసి, కుట్టు వెంట బొటనవేలు నడుపుతాను. సేల్స్ పిల్లలు నన్ను చూసి నవ్వుకుంటారు. మొన్న మనవరాలి కోసం వెళ్ళినప్పుడూ అలాగే ఒక్కొక్కటీ తిరగేస్తూ నిలబడ్డాను. నా కూతురు నా చేతిలోంచి గౌను తీసుకుని స్టాండుకి తగిలించేసింది.

"ఉండదులే అమ్మా. మేమే కోసేసేం" అంది.

నేను పక్కనున్న గౌను తీసి తిరగేశాను.