అభిషిక్తుల లెక్క

ఒకే ఒక్క అంకె తప్పు చెప్పి, మూడు రోజులపాటు అద్దంలో నా ముఖాన్ని నేనే గుర్తుపట్టలేకపోయాను. ఆ అంకె పెద్దదేం కాదు. ఒకటి.

నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటలకు కాపు అంచనా వేయడం నా వృత్తి. లెక్కలు బళ్లో కన్నా చెట్ల కిందే ఎక్కువ నేర్చుకున్నాను. ఒక వరసలో ఐదు చెట్ల కాయలు లెక్కపెట్టి, సగటు తీసి, తోటలోని చెట్ల సంఖ్యతో హెచ్చవేయాలి. ఇంతే విద్య. ముప్పై ఏళ్ల వయసులో ఈ విద్యకు లొంగనిది లోకంలో లేదనుకునేవాణ్ణి.

అలాంటి నన్ను, ముసునూరు దగ్గర మా చర్చి పాస్టరుగారు వేసవి బైబిలు క్విజ్ నడపమన్నారు. అంశం మెస్సీయ బిరుదులు. బహుమతి పెద్దక్షరాల బైబిలు. అది మా మరియమ్మత్తకి చాలా అవసరం. తోటల్లో కాయల తట్టలు మోసే ఆవిడకి పాత బైబిలులోని అక్షరాలు చీమల్లా కనబడుతున్నాయి. చివరి ప్రశ్నకి సరైన జవాబు చెబితే బైబిలు ఆవిడదే.

"మెస్సీయ హెబ్రీ మాట, క్రీస్తు గ్రీకు మాట," అన్నాను. "రెంటికీ అర్థం అభిషిక్తుడు, అంటే నూనెతో అభిషేకం పొందినవాడు. బైబిలు మొత్తంలో ఈ బిరుదు ఎంతమందికి ఉంది?"

"చాలామందికుంది అల్లుడూ."

"తప్పు. ఒక్కరికే."

"అదేంటి? సౌలు రాజు తన చేతికి చిక్కినా దావీదు చంపకుండా వదిలేసింది, ఆయన యెహోవా అభిషిక్తుడనే కదా?"

"అత్తా, నా దగ్గర లెక్కుంది."

"నీ లెక్క నీ దగ్గరే ఉంచుకో. నేను పుస్తకంలో ఉన్నది చెబుతున్నా."

"ఇంకొక్కరిని చూపించు, రేపు నీ బదులు తట్టలు నేను మోస్తా!"

ఈ మాట మైకులో అన్నానని పాఠకులు గమనించాలి.

పాస్టరుగారు పేజీలు తిప్పారు. సౌలు దొరికాడు. నూనె పోయించుకున్న యాజకులు దొరికారు.

"మరి పారశీక రాజు కోరెషు?" అంది అత్త.

యెషయా గ్రంథంలో ఆయనా దొరికాడు. యూదుడు కూడా కాని రాజు! ఒక పనికి దేవుడు ఎంచుకున్నవాళ్లని యూదుల రాతల్లో అలా అనేవారనీ, రాబోయే ఒక్క రాజు మీది ఆశ ఆ మాట చుట్టూ తరవాత అల్లుకుందనీ, ఆ రాజు యేసేనని తొలి క్రైస్తవులు రాశారనీ పాస్టరుగారు వివరిస్తుంటే, నేను ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను. మూడు. ఆ రోజు నేను సరిగ్గా వేసిన లెక్క అదొక్కటే.

"ఇంతకీ నువ్వెక్కడ లెక్కపెట్టావు నాయనా?" అన్నారాయన.

"నాలుగు సువార్తల్లోనండి."

"మిగతా అరవై రెండు పుస్తకాలో?"

"అంచనా వేశానండి."

"గట్టు పక్క వరస చూసి తోటంతా లెక్క కట్టేశాడండీ!" అంది మరియమ్మత్త. చర్చి గోడలు అదిరేలా నవ్వారు జనం. కానుకల డబ్బా పట్టుకున్నాయన దాన్ని కింద పెట్టి మరీ నవ్వాడు.

మర్నాడు తోటలో అత్త నీడన కూర్చుని, కొత్త బైబిలు ఒళ్లో పెట్టుకుని, నాకు పని చెప్పింది.

"తలకి గుడ్డ చుట్టుకో అల్లుడూ. సొన కారి ఒళ్లు కాలుతుంది."

"తట్టకి ఎన్ని చుక్కలు కారతాయో లెక్క వేశాలే అత్తా, ఏం కాదు."

నాలుగో తట్టకే తొడిమల సొన నెత్తి మీంచి బుగ్గల దాకా దిగింది. మధ్యాహ్నానికి ముఖం కాలిన గుమ్మడికాయలా ఉబ్బింది. అత్త బైబిలు పక్కన పెట్టి, సీసాలో కొబ్బరినూనె మొత్తం నా నడినెత్తిన గుమ్మరించింది. చెవుల దాకా కారింది.

"అభిషేకమంటే ఇదే కదా," అంది తాపీగా. "ఇక నిన్ను కూడా కలిపి లెక్కపెట్టుకో."

అందుచేత కాసిన ప్రతి చెట్టు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ పుస్తకాన్నీ ఒక్క వరస చూసి అంచనా కట్టను. అభిషిక్తులు ఎంతమందని ఎవరడిగినా, చాలామంది అనే చెబుతాను. నన్ను మినహాయించి.