బండ మీద కోబాల్

పాడేరు దగ్గర ఆ కొండూరికి సిగ్నల్ అందేది కాఫీ తోట పైనున్న బండ మీదే. అక్కడే పుట్టి పెరిగిన హేమలత రోజూ గొడుగు, ల్యాప్‌టాప్ పట్టుకుని ఆ బండెక్కి కూర్చుంటుంది. బ్యాంకుల లెక్కలు నడిపే కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో ఆమెది అందెవేసిన చెయ్యి. రాసింది సరిచూసే తోడు లేక, తనకు తానే పైకి చదువుకుంటుంది. తప్పు దొరికితే మోకాలి మీద చరుచుకుంటుంది. కింద తోటలో కాఫీ పళ్లు కోసే మేనత్త సోములమ్మా, మిగతా ఆడవాళ్లూ చెట్ల మాటున ఒకరికొకరు కనబడరు గనక మధ్యమధ్య ‘కూ’ అని కేకేస్తారు. విన్నవాళ్లు బదులు కూయాలి. చెవులకు హెడ్‌సెట్ పెట్టుకునే హేమలత ఏనాడూ కూయలేదు.

ఆమెకు తోడుగా ఇంకొకరు కావాలని ఆమె పనిచేసే కంపెనీ ప్రకటిస్తే, చాన్నాళ్లకు విశాఖ నుంచి ఒకే ఒక్కతను ఇంటర్వ్యూకి ఫోన్లోకొచ్చాడు. అతనికి ఓనమాలే వచ్చు. అయినా ఫోన్ పెట్టెయ్యబుద్ధికాక, మధ్యాహ్నందాకా తనే నేర్పింది. చివరికి అతను, “సారీ మేడమ్, నాకు జావా లాంగ్వేజిలో జాబొచ్చేసింది. ప్రాక్టీసు కోసం అటెండయ్యాను. కోబాల్ ఇప్పుడెవరు నేర్చుకుంటారండీ?” అన్నాడు.

హేమలత హెడ్‌సెట్ తీసి ఒళ్లో పెట్టుకుంది. లోయలోకి ‘కూ’ అని కేకేసింది.

కింద కోతలు ఆగాయి. సోములమ్మ గొంతు పైకొచ్చింది.

“ఎవులే అది? మనోళ్ల గొంతు కాదు!”