సీ డ్రైవ్‌లో ఏమీ లేదన్నాను

నా పాత కంప్యూటర్ తెరుచుకునేలోపు నేను చాయ్ పెట్టుకుని, తాగి, గిన్నె కడగడం కూడా అయిపోతోందని నవ్వుకున్న మా చెల్లెలి బిడ్డ, మొన్న ఆదివారం సిద్దిపేట బజారుకు పోయి అరచేతిలో ఇమిడే ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డిస్క్ ఒకటి కొనుక్కొచ్చింది. విండోస్ దాంట్లో ఉంటుంది, నా ఫైళ్లు పాత హార్డ్‌డిస్క్‌లోనే ఉంటాయి అని నచ్చజెప్పింది గానీ, విండోస్ మళ్లీ ఎక్కించాలన్న మాట వినగానే భయమేసి వద్దన్నాను. ఆ భయం మన ఈడువాళ్లకు తెలుసు.

పెళ్లికి ముందు నేను బస్టాండు దగ్గర ఒక డీటీపీ సెంటర్‌లో తెలుగు టైపు చేసేదాన్ని. కొండపాక నుంచి రిటైరైన పంతులు ఒకాయన, రైతులు సేద్యంలో వాడే మాటలన్నీ ఏరి రాసిన కాగితాలు సంచిలో వేసుకుని వారానికోసారి వచ్చేవారు. అవన్నీ కొట్టడానికి మూడు నెలలు పట్టింది. అంతలో కంప్యూటర్ మొరాయిస్తే మెకానిక్ వచ్చి, విండోస్ మళ్లీ ఎక్కించాలి, సీ డ్రైవ్ చెరిపేస్తాను, అందులో కావలసినవేమైనా ఉన్నాయా అని అడిగాడు. ఏమీ లేదన్నాను. డెస్క్‌టాప్ మీద దాచినవన్నీ సీ డ్రైవ్‌లోనే ఉంటాయని నాకప్పుడు తెలియదు. కొట్టిందంతా పోయింది.

ఆ వారం సారు బస్సు దిగి రాగానే ఎదురెళ్లాను. తల వంచుకుని జరిగింది చెప్పేశాను. ఆయన స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

"కాగితాలైతే నా తాన్నే ఉన్నయ్ గద బిడ్డా. నేను చదువుత, నువ్వు కొట్టు."

అప్పటినుంచి రోజూ వచ్చి చదివారు. మధ్యలో ఆగి, "గీ మాట మర్చేపోయిన సూడు" అంటూ కొత్తవి చేర్పించేవారు. పుస్తకం అచ్చయ్యేసరికి మొదట అనుకున్నదానికంటే లావైంది. నా పొరపాటు సంగతి మాత్రం సెంటరు యజమాని దగ్గర ఆయన ఎన్నడూ ఎత్తలేదు.

ఇదంతా విని మా పిల్ల పాత డిస్క్ వైరు ఊడదీసి నాకు చూపించింది. "వైరే లేనంక గది ఎట్ల చెరిగిపోతది పెద్దమ్మా?" విండోస్ కొత్తదాంట్లో ఎక్కాక మళ్లీ వైరు తగిలించి, ముందుగా కొత్తదే తెరుచుకునేలా సరిచేసింది. తెర మీద సీ పక్కన డీ కనిపించింది. నా ఫోల్డర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. హమ్మయ్య అనుకుని కుర్చీలో వెనక్కి వాలాను.

ఇప్పుడు ఫోన్‌లో మాట్లాడితే చాలు, మాటలు అక్షరాలై పడుతున్నాయి, టైపు చేసేవాళ్ల దగ్గరికి ఎవరూ రానక్కర్లేదు. మంచిదే, ఎవరి కష్టమూ అట్లా చెరిగిపోదు. కానీ ఒక పెద్దమనిషి పక్కన కూర్చుని ఒక్కో మాట పలుకుతుంటే, అర్థం అడిగి తెలుసుకుంటూ కొట్టే పని ఇక ఎవరికీ లేదు. దుకాణం నడుపుకునే ఇంట పుట్టిన నాకు సేద్యం గురించి తెలిసిన ఆ కాసిన్ని మాటలూ అట్లా చెవిన పడ్డవే.