సగం ఖర్చు మున్సిపాలిటీది

ఆవిడ అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. కాలిపోయిన ఫ్యాన్లకీ మోటార్లకీ రాగితీగ చుట్టి బాగుచేస్తుంది కాబట్టి వీధివీధంతా చుట్టలక్క అంటారు. కొత్తగా వచ్చినవాళ్లు ఆవిడ చుట్టలు కాలుస్తుందనుకుని ఓ అడుగు దూరంగా నిలబడేవారు.

పని నేర్పింది మామగారు. ఆయన పోయాక కొట్టు ఆవిడే చూసుకుంది. అయితే కొత్త ఫ్యాన్లు చవకైపోయి, జనం పాతవాటిని పారేయడం మొదలుపెట్టారు. చెత్తబండి కొట్టు ముందే ఆగేది. అందులో గంటలో తిరిగేలా చేయగల ఫ్యాన్లు రెక్కలు పైకెత్తుకుని పడుంటే ఆవిడకి ప్రాణం ఉసూరుమనేది. కొట్టు మూసేద్దామని బస్సు డ్రైవరైన భర్తతో రెండుసార్లు అంది కూడా.

ఆ రోజుల్లోనే స్కూలు టీచరమ్మ ఒకావిడ ఫ్యాను పట్టుకొచ్చింది. కౌన్సిలరు ఎన్నికల్లో మొదటిసారి నిలబడిందావిడ. బాగుచేయడానికి ఎంతవుతుందో విని, "ఇంకాస్త వేస్తే కొత్తదే వస్తుందిగా అక్కా" అంది.

"వస్తుందమ్మా. ఆ డబ్బు మాత్రం ఊరు దాటిపోతుంది. నాకిస్తే సాయంత్రానికి పక్క పాలకొట్టుకి చేరుతుంది. పాతది పారేస్తే దాన్ని మొయ్యడానికి మున్సిపాలిటీకి ఎలాగూ ఖర్చే. అదేదో రిపేరులో సగం వాళ్లే పెట్టుకుంటే పోలేదూ?"

టీచరమ్మ ఆ మాట చేతిసంచీలోంచి కాగితం తీసి రాసుకుంది. వారం తిరక్కుండా అదే ఆవిడ ప్రధాన వాగ్దానమైంది. ఎదుటివాళ్లు తుక్కు పార్టీ అని ఎగతాళి చేశారు. సభలో ఒక లెక్కల పెద్దమనిషి లేచి, "దొంగ రిపేర్లు చూపించి డబ్బు గుంజితే?" అని నిలదీశాడు. టీచరమ్మ చేతిలో కాగితం తిరగేసింది. వెనక వరసలోంచి చుట్టలక్క లేచింది.

"చేసిన వస్తువు ఆరునెలల్లో మళ్లీ ఆగిపోతే ఊరికే చేసివ్వాలని రాయండి బాబూ. చేయని పనికి ఆ పూచీ ఎవరిస్తారు?"

పెద్దమనిషి "ఇది బాగానే ఉంది" అని కూర్చున్నాడు.

టీచరమ్మ గెలిచి, మున్సిపాలిటీలో మిగతా కౌన్సిలర్లని ఒప్పించింది. పథకం మొదలైన నెలలోనే కొట్టు ముందు వరస మలుపు దాకా పోయింది. తుక్కు పార్టీ అన్నవాళ్లలో ఒకాయన సైతం మిక్సీ చంకన పెట్టుకొచ్చి నిలబడ్డాడు. టోకెన్లు ఇవ్వడానికి అత్తగారు కుర్చీ వేసుకుంది. "రండి నాయనా, ఓటేసినట్టే, వరసలో రండి" అని అందరినీ గదమాయించేది.

చుట్టలక్క ఎవరినీ కాదనలేక అన్నీ తీసుకుంది. పాపం, అక్కడే దెబ్బతింది. ఎదురింటి టైలరు ఫ్యాను ఇరవై రోజులైనా ఇవ్వలేకపోయింది. ఆయన వచ్చి మెల్లగా, "చెల్లెమ్మా, చెమటకి గుడ్డ పాడవుతోంది" అన్నాడు. తిట్టినా ఇంత బాధపడేది కాదు. ఇంట్లో ఫ్యాను విప్పి ఆయనకిచ్చేసింది.

మర్నాటి నుంచి రోజుకి ఎనిమిదే తీసుకుంది. మూతపడ్డ బట్టల ఫ్యాక్టరీలో పనిచేసిన ఇద్దరు నడివయసు ఆడవాళ్లని పిలిచి పని నేర్పింది. కుట్టుపనికి అలవాటుపడ్డ వేళ్లు కదా, తీగ చుట్టడం ఇట్టే పట్టుబడింది. ఏడాదికి వాళ్లిద్దరూ మార్కెట్టు దగ్గర సొంత కొట్టు తెరిచారు.

తర్వాతి ఎన్నికల్లో అన్ని పార్టీలూ రిపేరు పాట అందుకున్నాయి. ఒకరు ముప్పావు ఖర్చిస్తామన్నారు, ఇంకొకరు మొత్తం ఊరికే అన్నారు.

"ఇంకేం, నీ పంట పండింది" అన్నాడు భర్త.

"మొత్తం ఊరికే అంటే ఎవరూ వస్తువుని జాగ్రత్తగా వాడరండీ. సగం వాళ్ల చేతిలోంచి పోతేనే భయం ఉంటుంది" అంది ఆవిడ. టీచరమ్మకీ అదే చెప్పింది. టీచరమ్మ సగం దగ్గరే ఆగింది, కాస్త తక్కువ మెజారిటీతోనే అయినా నెగ్గింది.

పక్క ఊరి మున్సిపాలిటీ వాళ్లు ఈ పద్ధతి గురించి చెప్పమని చుట్టలక్కని పిలిచారు. భర్త నడిపే బస్సులోనే అత్తాకోడళ్లిద్దరూ బయల్దేరారు. అక్కడ మాట్లాడింది పది నిమిషాలే. తర్వాత సభ హాల్లో కీచుమంటున్న ఫ్యాను ఆపించి, స్టూలెక్కి బేరింగు చూసింది. కింద అత్తగారు స్టూలు గట్టిగా పట్టుకుంది.