నాయనమ్మ బోరు నీళ్లు

మా నాయనమ్మ తిరుపతమ్మకు ఇంటి ముందున్న బోరంటే దేవుడే. ప్రతి శుక్రవారం పైపుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దండం పెట్టాకే చాయ్ తాగుతుంది. ఎండాకాలంలో మీర్‌పేట్‌లోని మా గల్లీ మొత్తానికి ఆ నీళ్లే దిక్కు. జనం బిందెలతో వరుస కడితే చాలు, ఆవిడ మోకాళ్ల నొప్పులు సెలవు తీసుకుంటాయి.

ఒక శుక్రవారం నీళ్లు పరీక్షించే బిందుమాధవి వచ్చింది. భూమిలోపలి నీళ్లలో ఆర్సెనిక్ అనే విషం ఉందేమో చూడాలట.

"మా నీళ్లల్లనా? కొబ్బరి నీళ్ల లెక్కుంటయ్ బిడ్డా. జర తాగి చూడు."

"తాగితే తెలిసేది కాదు మామ్మగారూ. దానికి రంగుండదు, రుచుండదు. ఏళ్ల తరబడి తాగితే ఒళ్లు పాడుచేస్తుంది."

ఆమె ఒక సీసాలో నీళ్లు పట్టి, పక్కన వేలిగోరంత తెల్ల కాగితం పెట్టింది. నీళ్లలో పొడి కలిపి, ఆ కాగితాన్ని మూతలో అమర్చి బిగిస్తారు. విషముంటే లోపల లేచే గాలి తగిలి కాగితం పచ్చబడుతుంది. పదో తరగతి రెండుసార్లు తప్పిన నేను ఆ ముక్క మీదికి వంగి వంగి చూశాను. అంత లోతు భూమిలోని సంగతి ఇంత ముక్క చెప్పేస్తుందా! నాయనమ్మకూ ఆత్రం ఆగలేదు. బిందుమాధవి ఫోన్ మాట్లాడడానికి అటు తిరగగానే కాగితం తీసి, ఎండకు పట్టి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ అక్కడే పెట్టేసింది.

బిందుమాధవి ఫోన్ మాట్లాడుతూనే వచ్చి, కాగితం వైపు చూడకుండానే మూతలో పెట్టి బిగించింది. పరీక్షయ్యాక మూత తీస్తే కాగితం పచ్చగా ఉంది.

నాయనమ్మ ముఖం పాలిపోయింది. నల్లగొండ దిక్కు ఊళ్లో ఆమె తమ్ముడి కాళ్లు వంకర చేసినవీ అద్దంలాంటి ఫ్లోరైడు బావినీళ్లే.

"ఆగండి మామ్మగారూ, ఇంకోసారి చేద్దాం" అని బిందుమాధవి అంటూనే ఉంది. నాయనమ్మ మోటారు ఆపేసి, చెప్పుల్లేకుండానే గల్లీలోకి నడిచింది. నేను వెనకాలే వెళ్లాను.

"ఓ కుసుమమ్మా! మా బోరు నీళ్లు తాగకు. పిల్లలకు పొయ్యకు."

"అదేంటి పిన్నిగారూ, ఏమైంది?"

"విషమున్నదంట. పోసినదాన్ని నేనే. నేనే చెప్తున్న, పారబొయ్యి."

ప్రతి గుమ్మం దగ్గరా అదే మాట, అదే గొంతు. ఆవిడను ఏడిపించడమే పనిగా పెట్టుకున్న నాకు ఆ పూట ఒక్క జోకూ తట్టలేదు. ఇన్నేళ్లు సంపాదించుకున్న గొప్పనంతా గడప గడపకూ తిరిగి తన చేత్తోనే కూల్చుకుంటున్న మనిషి వెనక నేను నడిచాను.

మేం తిరిగొచ్చేసరికి బిందుమాధవి ఆ కాగితాన్ని తిరగేసి చూస్తోంది. గాలి తగలని వెనకవైపూ పచ్చగానే ఉంది. దాని మీద వేలిముద్ర ఒకటి.

"మామ్మగారూ, ఓసారి మీ చేతులు చూపించండి."

చూపించింది. రెండు చేతులకూ పసుపే.

"ఏందే నాయనమ్మా, నీ దేవునికి నువ్వే విషం పూసినవా?" అన్నాను.

"నోరు మూస్కో, కోతీ! బిడ్డా, మల్ల చెయ్యి."

ఈసారి చేతులు వెనక్కి కట్టుకుని, బడిలో తప్పుచేసిన పిల్లలా దూరంగా నిలబడింది. కొత్త కాగితం తెల్లగానే మిగిలింది.

"దీంట్లో ఆర్సెనిక్ కనబడలేదండీ" అంది బిందుమాధవి.

నాయనమ్మ కళ్లు తుడుచుకుంది. బుగ్గలకు కూడా పసుపంటింది. వెంటనే మళ్లీ గల్లీ వైపు తిరిగింది.

"మోటరెయ్యి కోతీ! అందరి బిందెలు ఖాళీ చేపిచ్చిన గదా."

మోటారు వేసి, ఆవిడ చెప్పులు చేత పట్టుకుని వెనకాలే పరుగెత్తాను.